కొత్తదనానికి పేరు, రూపం ఎంతవరకు సాక్ష్యం?

ఎస్కలేటర్ అనే మాట ఒకప్పుడు ఒకే కంపెనీ సొత్తు. కదిలే మెట్లకు 1900 ప్రాంతంలో పెట్టిన ఆ పేరు ఓటిస్ కంపెనీ చేతికి వచ్చి దాదాపు అర్ధశతాబ్దం పాటు ట్రేడ్‌మార్కుగా నిలిచింది. 1950లో అమెరికాలో ఆ హక్కు రద్దయింది. జనం ఆ మాటను ఒక కంపెనీ మెట్లకు మాత్రమే కాక కదిలే మెట్లన్నిటికీ వాడసాగారు. కంపెనీ కూడా తన ప్రకటనల్లో అలాగే వాడింది. సెలోఫేన్, థర్మోస్ అనే పేర్లు కూడా అక్కడ ఇదే దారిలో చేజారాయి. నైలాన్ విషయంలో ఆ దశ కూడా రాలేదు. 1938లో ఆ పీచును ప్రపంచానికి పరిచయం చేసిన డ్యూపాంట్, దాని పేరును ట్రేడ్‌మార్కుగా నమోదు చేయించుకోకుండా, అందరూ వాడుకునే మాటగానే వదిలేసింది.

ఇరవయ్యో శతాబ్దంలో రోజువారీ జీవితాన్ని మార్చిన సరుకులివి. అయినా వాటి పేర్లు నమోదు పుస్తకాల నుంచి జారిపోయాయి, లేదా అసలు అందులోకి ఎక్కలేదు. మరోవైపు ఏ కొత్తదనమూ లేని సబ్బుకో, బిస్కెట్టుకో పెట్టిన పేరు దశాబ్దాల తరబడి భద్రంగా ఉంటుంది. ఇది తెలిసి కూడా ఆర్థికవేత్తలు, ప్రభుత్వాలు రెండు దశాబ్దాలకు పైగా ట్రేడ్‌మార్కులను, డిజైన్ నమోదులను లెక్కపెట్టి వాటిలో నవకల్పన (ఇన్నొవేషన్) జాడలు వెతుకుతున్నారు. ఆ ప్రయత్నం వ్యర్థమైనది కాదు. అయితే ఆ లెక్క ఏం చెప్పగలదో, ఏం చెప్పలేదో తేల్చుకోకుండా పట్టికలు వేస్తే వచ్చే నష్టం మాత్రం చిన్నది కాదు.

పేటెంట్లకు కనిపించనివి

నవకల్పనను అంకెల్లోకి తేవాలన్న పని మొదట పరిశోధన ఖర్చుతో మొదలైంది. ఇటలీలోని ఫ్రాస్కాటీలో జరిగిన సమావేశం తర్వాత 1963లో వెలువడిన ఫ్రాస్కాటీ మాన్యువల్, పరిశోధన అభివృద్ధి వ్యయాన్ని ఎలా లెక్కించాలో దేశాలకు నేర్పింది. ఖర్చు ఎంత పెట్టారో దానివల్ల తెలిసింది. ఆ ఖర్చుతో ఏం పుట్టిందో తెలియడానికి పేటెంట్ల లెక్క ఆసరా అయింది. ప్రతి పేటెంటుకూ తేదీ, యజమాని, సాంకేతిక వర్గం, అది ఆధారపడిన పాత పేటెంట్ల ఉల్లేఖనలు ఉంటాయి. పరిశోధకుడికి ఇంతకన్నా చక్కని వనరు మరొకటి ఉండదు. కానీ ఆవిష్కరణలన్నీ పేటెంటు కావని, పేటెంట్లన్నీ ఒకే విలువ కలవి కావని 1990లో ఆర్థికవేత్త ట్స్వీ గ్రిలికస్ తన సమీక్షా వ్యాసంలో స్పష్టంగా చెప్పాడు.

అసలు లోటు ఇంకా లోతైనది. పేటెంటు సాంకేతిక ఆవిష్కరణకు ఇచ్చే హక్కు. ఒక బీమా పథకం, ఒక కొత్త తరహా సరఫరా సేవ, భాషా బోధనలో ఒక కొత్త పద్ధతి, పాత వస్తువును కొత్త వర్గం కొనుగోలుదారులకు చేర్చిన తీరు, ఇవన్నీ మార్కెట్టును మార్చగలవు. అయినా చాలాచోట్ల ఇవి పేటెంటు గడప తొక్కవు. ఆర్థికవేత్త జోసెఫ్ షుంపేటర్ నవకల్పనను నిర్వచించినప్పుడే కొత్త సరుకు, కొత్త ఉత్పత్తి పద్ధతితో పాటు కొత్త మార్కెట్టును, కొత్త ముడిసరుకు వనరును, కొత్త వ్యవస్థీకరణను అందులో చేర్చాడు. కొలతలు ఆ నిర్వచనాన్ని అందుకోవడానికి చాలా కాలం పట్టింది. నవకల్పన గణాంకాలకు ప్రామాణిక గ్రంథమైన ఓస్లో మాన్యువల్ 1992 నాటి మొదటి కూర్పులో సాంకేతిక మార్పులకే పరిమితమైంది. 2005 నాటి మూడో కూర్పు మార్కెటింగ్, వ్యవస్థాపరమైన నవకల్పనలకు చోటిచ్చింది. నిర్వచనం విస్తరించాక పాత కొలబద్ద ఒక్కటే చాలదు. 2004లో సాండ్రో మెందోన్సా, మరో ఇద్దరు పరిశోధకులు ట్రేడ్‌మార్కులను నవకల్పనకు సూచికగా వాడవచ్చని వాదించిన వ్యాసం ఈ మలుపులోనే వచ్చింది. ఇప్పుడు యూరోపియన్ ఇన్నొవేషన్ స్కోర్‌బోర్డు, గ్లోబల్ ఇన్నొవేషన్ ఇండెక్స్ రెండూ, నవకల్పనలో దేశాలను పోల్చే తమ పట్టికల్లో ట్రేడ్‌మార్కులను, డిజైన్లను లెక్కిస్తున్నాయి.

నమోదు కార్యాలయం అడిగే ప్రశ్న

ఏ హక్కు ఏం చెప్పగలదో తెలుసుకోవడానికి ఒక దగ్గరి దారి ఉంది. హక్కు ఇచ్చే ముందు నమోదు కార్యాలయం దరఖాస్తుదారును ఏం అడుగుతుందో చూడాలి.

పేటెంటు పరిశీలకుడు అడిగేది: ఇది ఇంతకు ముందు ఎక్కడైనా ఉందా, ఈ రంగం తెలిసినవారికి ఇట్టే తట్టేదేనా? దీనికి జవాబు దొరికే దాకా నెలలు, ఒక్కోసారి సంవత్సరాలు గడుస్తాయి. డిజైన్ చట్టం కూడా కొత్తదనాన్నే కోరుతుంది, అయితే ఆ కొత్తదనం వస్తువు కంటికి కనిపించే తీరులో ఉండాలి. ట్రేడ్‌మార్క్ చట్టం కొత్తదనం ఊసే ఎత్తదు. ఈ గుర్తును చూసి కొనేవారు దీని వెనుక ఉన్న సరుకును ఇతరుల సరుకు నుంచి వేరుగా పోల్చుకోగలరా అన్నదే దాని ప్రశ్న. సరుకు ఎంత పాతదైనా అభ్యంతరం లేదు. బ్రిటన్‌లో 1875 చట్టం అమల్లోకి వచ్చిన మొదటి రోజున, 1876 జనవరి 1న, మొట్టమొదటి ట్రేడ్‌మార్కుగా నమోదైంది బాస్ కంపెనీ ఎర్ర త్రికోణం. ఆ గుర్తు వేసుకున్న బీరు అప్పటికే దశాబ్దాలుగా అమ్ముడవుతోంది. ఆ దేశపు నమోదు పుస్తకంలో మొదటి పద్దే నవకల్పనకు సంబంధించినది కాదు.

ట్రేడ్‌మార్కుకూ కొత్తదనానికీ ఉన్న బంధం, అందుచేత, చట్టం వేసింది కాదు. అది వ్యాపార తర్కం నుంచి పుట్టింది. కొత్త సరుకు తెచ్చినవారికి దాన్ని పిలవడానికి పేరు కావాలి. అందరూ చేసేదే చేసేవారికి ఆ అవసరం తక్కువ. నమోదు రుసుము స్వల్పమే అయినా, పేరును జనం నోళ్లలోకి తేవడానికయ్యే ఖర్చు పెద్దది. చెప్పుకోదగ్గ భేదం ఏదో లేకపోతే ఆ ఖర్చుకు దిగరు. ఈ తర్కం చాలాసార్లు నిజమవుతుంది. బెల్జియం, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్ దేశాల చిన్న, మధ్యతరహా సంస్థలు కొత్తగా దాఖలు చేసిన మార్కులను తీసుకుని, వాటి వెనుక ఏముందని ఆ సంస్థలనే అడిగిన ఒక అధ్యయనం 2014లో వెలువడింది. సగానికి మించిన మార్కుల వెనుక ఏదో ఒక నవకల్పన ఉన్నట్టు అందులో తేలింది. దీన్ని రెండు వైపుల నుంచీ చదవాలి. సగానికి మించి అంటే సూచికగా పనికొస్తుంది. మిగిలిన భాగం కూడా తక్కువేమీ కాదు కాబట్టి ఒక్కొక్క మార్కును ఒక్కొక్క నవకల్పనగా లెక్కపెట్టే వీలు లేదు.

మార్కెట్టు గుమ్మం దగ్గర

పేటెంటు పుట్టుక దగ్గర నమోదవుతుంది, ట్రేడ్‌మార్కు సరుకు గుమ్మం దాటే వేళకు నమోదవుతుంది. ఈ రెంటి మధ్య దూరం రంగాన్ని బట్టి మారుతుంది. మందుల పరిశ్రమలో అది చాలా ఎక్కువ. అణువు కనుక్కున్న తొలినాళ్లలోనే పేటెంటు దాఖలవుతుంది. ఆపైన ఏళ్ల తరబడి పరీక్షలు సాగుతాయి, వాటిలో ఎక్కువ అణువులు రాలిపోతాయి. మిగిలిన కొద్దిపాటికే వ్యాపార నామం అవసరమవుతుంది. ఫలించిన పరిశోధన ఏదో పేటెంట్ల కుప్పలో తెలియదు, పేర్ల జాబితా దాన్ని కొంతవరకు చూపిస్తుంది. అయితే ఇక్కడా ఒక మెలిక ఉంది. ఔషధ నియంత్రణ సంస్థలు ఒక మందు పేరు మరో మందు పేరులా వినిపిస్తే తిరస్కరిస్తాయి. పొరపాటున మందు మారితే ప్రాణాపాయం కనుక ఆ జాగ్రత్త అవసరమే. అందుకని కంపెనీలు ఒకే మందుకు అనేక పేర్లు ముందుగానే దాఖలు చేసి ఉంచుకుంటాయి. ఒక నవకల్పనకు పది మార్కులు కనిపించినా ఆశ్చర్యం లేదు.

సేవారంగంలో ట్రేడ్‌మార్కుల విలువ అన్నిటికన్నా ఎక్కువ. అక్కడ పేటెంట్లు పలచన, పరిశోధన విభాగం అంటూ ప్రత్యేకంగా ఉండదు, ఖర్చు లెక్కలూ దొరకవు. ట్రేడ్‌మార్కుల నమోదు కోసం దేశాలు కుదుర్చుకున్న నీస్ ఒప్పందం సరుకులను, సేవలను 45 తరగతులుగా విడదీసింది. వాటిలో 34 సరుకులవి, 11 సేవలవి. ఆ 11 తరగతుల్లో వస్తున్న కొత్త దరఖాస్తులను చూస్తే ఏ సేవలు చిగురిస్తున్నాయో వేరే దారిలో దొరకని సమాచారం దొరుకుతుంది. కాకపోతే కాలంలో వెనక్కి పోయి పోల్చేటప్పుడు జాగ్రత్త తప్పదు. బ్రిటన్‌లో సేవలకు మార్కు నమోదు 1986లో గాని మొదలు కాలేదు, భారతదేశంలో 2003 దాకా ఆ వీలు లేదు. ఆ సంవత్సరాల్లో గీత ఒక్కసారిగా పైకి లేస్తే, అప్పుడే తలుపు తెరుచుకుందని మాత్రమే అర్థం.

చిన్న సంస్థల విషయంలోనూ ఇదే మేలు కనిపిస్తుంది. పేటెంటు తీసుకోవడానికి న్యాయవాదులు, డబ్బు, ఓపిక కావాలి. పేరు నమోదుకు అంత అవసరం లేదు. పేటెంట్లు మాత్రమే చూసే పట్టికలో పెద్ద సంస్థల నీడలో కనబడకుండా పోయేవారు ట్రేడ్‌మార్కుల పట్టికలో బయటపడతారు. ఈ సూచికను కాపాడుకోవడానికి ఈ ఒక్క కారణం చాలు.

తేదీలు కూడా ఎప్పుడూ నేరుగా మాట్లాడవు. పేటెంట్లు, ట్రేడ్‌మార్కుల వంటి హక్కులపై దేశాలు చేసుకున్న పారిస్ ఒప్పందం ప్రకారం ఒక దేశంలో దాఖలు చేసిన మార్కుకు ఆరు నెలల లోపు మరో దేశంలో దాఖలు చేస్తే మొదటి తేదీ ప్రాధాన్యమే దక్కుతుంది. విడుదల కాబోయే సరుకు పేరు బయటికి పొక్కకూడదనుకునే కంపెనీలు, దరఖాస్తులు సులభంగా కంటబడని చిన్న దేశంలో ముందు దాఖలు చేసి, గడువు చివర్లో పెద్ద మార్కెట్టుకు వస్తాయి. ఐఫోన్ పేరు 2006 మార్చిలో ట్రినిడాడ్ టొబాగోలో దాఖలైంది. అమెరికాకు దాదాపు ఆరు నెలల తర్వాత, సెప్టెంబరులో చేరింది. నవకల్పన ఎక్కడ జరిగిందో తెలుసుకోవాలంటే మార్కు ఎక్కడ దాఖలైందో చూస్తే చాలదు, దరఖాస్తుదారు చిరునామా చూడాలి. ఆ చిరునామా కూడా ఒక్కోసారి పేరుకు మాత్రమే ఉన్న సంస్థది అయి ఉండవచ్చు.

రూపానికి ఇచ్చే హక్కు

బ్రిటన్‌లో డిజైన్ హక్కుల చట్టం ట్రేడ్‌మార్కుల నమోదు చట్టం కన్నా పాతది. ఆ దేశం 1787లోనే అద్దకపు బట్టల నమూనాలకు రెండు నెలల రక్షణ ఇచ్చింది. అమెరికాలో తొలి డిజైన్ పేటెంటు 1842లో అచ్చు అక్షరాల రూపానికి జార్జ్ బ్రూస్‌కు దక్కింది. కోకా కోలా సీసా ఆకారం 1915లో డిజైన్ పేటెంటుగా మొదలై, తర్వాతి కాలంలో ట్రేడ్‌మార్కుగా మారింది. రూపం మొదట కొత్తదనంగా పుట్టి, పరిచయం పెరిగిన కొద్దీ గుర్తుగా మారడానికి అంతకన్నా స్పష్టమైన ఉదాహరణ దొరకదు. ఈ దారి అన్ని రూపాలకూ తెరిచి ఉండదు. లెగో ఇటుక ఆకారాన్ని ట్రేడ్‌మార్కుగా ఉంచుకోవాలన్న కోరికను యూరోపియన్ న్యాయస్థానం 2010లో తోసిపుచ్చింది. ఆ ఆకారం ఇటుకలు ఒకదానితో ఒకటి పట్టుకోవడానికి ఏర్పడింది కాబట్టి దాన్ని శాశ్వతంగా ఒకరికే ఇవ్వడం కుదరదని తేల్చింది.

డిజైన్‌లో ఉన్న ఆర్థిక విలువ ఎంతటిదో ఆపిల్, శాంసంగ్ వ్యాజ్యం చూపించింది. 2011లో మొదలైన ఆ పోరులో 2012 నాటి జ్యూరీ వంద కోట్ల డాలర్లకు మించిన పరిహారం విధించింది. 2016లో కేసు అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 2018లో రాజీతో ముగిసింది. అక్కడ ప్రధానమైన తగాదా గుండ్రని అంచులు, ముఖభాగం, తెర మీది బొమ్మల అమరిక గురించి. పరిశోధన ఖర్చు పట్టికల్లో ఇలాంటి పని ఎక్కడా విడిగా కనిపించదు.

అయినా డిజైన్ల లెక్కలో దాగిన బలహీనత ట్రేడ్‌మార్కులకన్నా ఎక్కువ. చట్టం కొత్తదనం కోరుతుందన్నది నిజమే. కానీ యూరప్‌లో నమోదు కార్యాలయం ఆ కొత్తదనాన్ని పరిశీలించదు. దరఖాస్తు తీరు సరిగా ఉంటే కొద్ది రోజుల్లో నమోదు చేస్తుంది, ఎవరైనా సవాలు చేస్తేనే కొత్తదనం చర్చకు వస్తుంది. అమెరికాలో పరిశీలకుడు పాత డిజైన్లతో పోల్చి చూశాకే పేటెంటు ఇస్తాడు. ఈ రెండు చోట్ల అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చితే పోల్చకూడని వాటిని పోల్చినట్టే. లెక్కకు తీసుకునే ముక్క కూడా ఒకటి కాదు. ఒకే దరఖాస్తుతో అనేక దేశాల్లో డిజైన్ నమోదు కోరే వీలున్న హేగ్ వ్యవస్థలో ఒక్క దరఖాస్తులో వంద డిజైన్ల వరకు పెట్టవచ్చు, అమెరికాలో ఒక దరఖాస్తు ఒక డిజైన్‌కే. చైనా గణాంకాల్లో డిజైన్లు పేటెంట్లలో ఒక రకంగా కలిసిపోతాయి. ఆ దేశపు మొత్తం పేటెంట్ల అంకెను ఇతర దేశాల పేటెంట్ల అంకెతో పోల్చే వార్తలు ఈ తేడాను తరచుగా మరిచిపోతాయి.

ఇంకో సంగతి, వేగంగా మారే రంగాలు అసలు నమోదుకే రావు. ఒక రుతువుతో అయిపోయే దుస్తుల నమూనాకు నమోదు ఎందుకు? యూరప్ చట్టం నమోదు లేని డిజైన్‌కు కూడా మూడేళ్ల రక్షణ ఇస్తుంది కాబట్టి అక్కడి దుస్తుల తయారీదారులకు అది సరిపోతుంది. రూపకల్పన అన్నిటికన్నా చురుగ్గా సాగే చోటే నమోదుల పట్టిక మౌనంగా ఉండవచ్చు.

అంకె బహుమతిగా మారినప్పుడు

2020లో ప్రపంచవ్యాప్తంగా ట్రేడ్‌మార్క్ దాఖలు 13.7 శాతం పెరిగింది. అదే ఏడాది పేటెంట్ల పెరుగుదల 1.6 శాతం. మహమ్మారి కాలంలో కొత్త వ్యాపారాలు ఆన్‌లైన్‌కు పోటెత్తాయన్న వివరణలో నిజముంది. తర్వాత 2021లో, ఒక దరఖాస్తులో ఎన్ని తరగతులుంటే అన్నిగా లెక్కిస్తే, సుమారు 1.81 కోట్లకు చేరిన దాఖలు, 2022లో సుమారు 1.55 కోట్లకు పడిపోయింది. ప్రపంచ నవకల్పన ఒక్క ఏడాదిలో అంత భాగం ఆవిరై పోయిందా? పేటెంట్లు ఆ ఏడాది కూడా పెరిగాయి. పెరిగినప్పుడు నవకల్పన అని ప్రకటించినవారు, తగ్గినప్పుడు నవకల్పన తగ్గిందని కూడా అనాలి కదా.

ఆ ఒడిదుడుకుల్లో అధిక భాగం ఒకే దేశం నుంచి వచ్చింది. ప్రపంచ దాఖలులో దాదాపు సగం చైనాదే. అక్కడి స్థానిక ప్రభుత్వాలు కొన్ని, విదేశాల్లో మార్కు నమోదు చేయించుకున్నవారికి నమోదు ఖర్చును మించే రాయితీలు ఇచ్చాయి. నమోదే లాభసాటి వ్యాపారమైంది. అమెరికా కార్యాలయానికి అమ్మని సరుకుల బొమ్మలతో, మార్చిన ఫొటోలతో దరఖాస్తులు వెల్లువెత్తాయి. విదేశీ దరఖాస్తుదారులు అమెరికా న్యాయవాది ద్వారానే రావాలని 2019 ఆగస్టులో నిబంధన పెట్టవలసి వచ్చింది. 2021 జనవరిలో ఆ కార్యాలయమే ఈ రాయితీల ప్రభావం మీద నివేదిక వెలువరించింది. చైనా కూడా ఊరుకోలేదు. వాడే ఉద్దేశం లేకుండా దురుద్దేశంతో చేసే దాఖలును తిరస్కరించేలా 2019లో తన చట్టాన్ని సవరించింది. నమోదైన మార్కు ఉంటేనే బ్రాండు సౌకర్యాలు ఇస్తామన్న ఆన్‌లైన్ విక్రయ వేదికల నిబంధన కూడా ఇదే దిశలో పనిచేసింది. నోరు తిరగని అక్షరాల గుంపులు బ్రాండులుగా నమోదు కావడానికి అదొక కారణం. పేరు గొప్ప ఊరు దిబ్బ అన్న సామెతకైనా కనీసం గొప్ప పేరు ఉంటుంది, వీటికి అదీ లేదు.

రాయితీలు లేనిచోట కూడా నమోదుకూ వాడకానికీ మధ్య అగాధం ఉంది. వాడకం తప్పనిసరి అని గట్టిగా చెప్పే అమెరికాలోనే 2012లో మొదలైన ఒక ప్రయోగంలో 500 నమోదులను ఎంచుకుని, అందులో రాసిన సరుకులన్నిటి మీదా మార్కును నిజంగా వాడుతున్నారా అని రుజువు అడిగారు. సగానికి పైగా నమోదుల యజమానులు అడిగిన సరుకులన్నిటికీ రుజువు చూపలేకపోయారు. యూరప్‌లో అయితే ఐదేళ్లు వాడకపోయినా, ఎవరో ఒకరు సవాలు చేసేదాకా మార్కు పుస్తకంలోనే ఉంటుంది.

జాగ్రత్తగా లెక్కించడం ఎలా

ఈ లోపాలన్నీ తెలిసినవారు సూచికను పారేయలేదు, మెరుగుపరిచారు. దాఖలును కాక కొంతకాలం నిలిచిన మార్కును లెక్కించడం అందులో మొదటిది. పదేళ్లకోసారి రుసుము కట్టి పునరుద్ధరించిన మార్కుకు వెనుక ఏదో జీవం ఉంటుంది. యూరప్‌లో నమోదైన డిజైన్‌ను ఐదేళ్లకోసారి, 25 ఏళ్ల దాకా పునరుద్ధరించవచ్చు. ఎన్నోసారి వరకు డబ్బు కట్టారన్నదే ఆ రూపం విలువకు యజమాని వేసిన అంచనా. పాత మార్కుకే రంగు మార్చి మళ్లీ వేసిన దరఖాస్తులను, పాత పేరును కొత్త సరుకులకు విస్తరించినవాటిని, పూర్తిగా కొత్త పేర్లను విడదీయడం మరో మెట్టు. విస్తరణ కూడా ఒక్కోసారి పెద్ద నవకల్పనే కావచ్చు కనుక దాన్ని పారేయకూడదు, విడిగా చూడాలి. తరగతి సంఖ్య దగ్గర ఆగకుండా దరఖాస్తులో రాసిన సరుకుల వివరణను చదవడం ఇంకా ఫలవంతమైన దారి. 45 తరగతుల విశాలమైన గదుల్లో కనబడని కొత్త సరుకు, మాటల్లో మొదటిసారి తలెత్తిన ఏడాది కనిపిస్తుంది.

రుసుము నిబంధనలను పక్కన పెట్టుకోకుండా ఏ గీతనూ చదవకూడదు. యూరోపియన్ యూనియన్‌లో 2016 మార్చి దాకా ఒకే ప్రాథమిక రుసుముతో మూడు తరగతులు వచ్చేవి. చాలామంది అవసరం ఉన్నా లేకపోయినా మూడూ నింపేవారు. ఆ తర్వాత ఒక్క తరగతికే ఆ రుసుము వర్తించింది. దరఖాస్తుకు సగటు తరగతుల సంఖ్య తగ్గితే అది నవకల్పన కుంచించుకుపోవడం కాదు.

ఇప్పుడు డిజైన్ల విషయంలో అలాంటి మలుపే వచ్చింది. 2025 మే 1 నుంచి అమల్లోకి వచ్చిన యూరప్ కొత్త నిబంధనలు భౌతిక రూపం లేని వస్తువులను, తెర మీద కదిలే బొమ్మలను డిజైన్‌గా స్పష్టంగా గుర్తించాయి. ఒకే దరఖాస్తులో వేర్వేరు తరగతులకు చెందిన 50 డిజైన్ల దాకా కలిపి పెట్టడానికి అనుమతిచ్చాయి. ఇకపై ఆ పట్టికల్లో డిజైన్లు పెరిగి దరఖాస్తులు తగ్గవచ్చు, తెర మీది రూపాల వర్గం ఒక్కసారిగా ఉబ్బవచ్చు. 2024 వరకు ఉన్న గీతను, దాని తర్వాతి గీతను కలిపి గీయకుండా, మధ్యలో నిలువుగా ఒక గీత గీసి, రెండు వైపులా విడివిడిగా చదవవలసి ఉంటుంది.